పాటకు వారసులు

యూరపు ఖండపు తూర్పుభాగమున, పోలెండు, లిథువేనియా, ఉక్రెయిన్, రుమేనియా మున్నగు దేశములలో, యూదులు కొన్ని శతాబ్దములపాటు పెద్ద సంఖ్యలో నివసించిరి. వారి ప్రార్థనలకును, శాస్త్రగ్రంథములకును భాష హీబ్రూ. ఇంటిలో, అంగడిలో, ఉయ్యాల యొద్ద, పెండ్లివేడుకలలో వారు మాటలాడిన భాష యిడ్డిష్. సుమారు వేయి సంవత్సరములకు పూర్వము రైన్ నదీప్రాంతమున జర్మను మాండలికముల నుండి ఈ భాష రూపొందినదని పెక్కుమంది పండితుల మతము. హీబ్రూ, అరమాయిక్ పదములు దానిలో మొదటి నుండియు కలవు. యూదులు తూర్పునకు తరలిన పిదప స్లావు భాషల పలుకుబడియు దానిలో కలిసినది. దీనిని హీబ్రూ లిపిలో కుడి నుండి ఎడమకు వ్రాయుదురు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు ఒక కోటికి పైగా ప్రజలు యిడ్డిష్ మాటలాడుచుండిరి. అయినను చదువుకొన్న యూదులలోనే కొందరు దానిని భాషగా నెంచక, చెడిన జర్మను అని చిన్నచూపు చూచిరి. ఇంటిభాషను పండితులు తేలికచేయుట తెలుగువారికిని ఎరుగరాని సంగతి కాదు.

ఈ భాషతో కలిసి పెరిగిన వాద్యసంగీతమును నేడు క్లెజ్మర్ సంగీత మందురు. హీబ్రూలో 'క్లే' అనగా పాత్ర, పనిముట్టు. 'జెమెర్' అనగా పాట. ఈ రెండును కలిసి మొదట వాద్యమునకును, కాలక్రమమున దానిని వాయించువానికిని పేరైనవి. క్లెజ్మర్ వృత్తి వంశపారంపర్యమైనది. తండ్రి ఫిడేలు వాయించిన, కుమారుడు పదియేండ్ల ప్రాయముననే మేళములో చేరి, వెనుక కూర్చుండి శ్రుతి పట్టుచు, పెద్దల వ్రేళ్ళను చూచి పాట నేర్చుకొనెడివాడు. మేళమునకు ఫిడేలు ప్రధానము. దాని ప్రక్కన సంతూరును పోలిన త్సింబల్ అను తంత్రీవాద్యము, అడుగున గంభీరముగా మ్రోగు పెద్ద ఫిడేలు ఉండును. క్లారినెట్ 19వ శతాబ్దమున వచ్చి చేరి, క్రమముగా ఫిడేలు స్థానమునే ఆక్రమించినది.

వారి పని యంతయు పెండ్లిలో నుండెను. వివాహవిధికి ముందు పెండ్లికూతురిని ఒక ఆసనముపై కూర్చుండబెట్టుదురు. అపుడు బద్ఖన్ అను ఆశుకవి ముందునకు వచ్చి, ఆమె విడిచిపోవు బాల్యమును, గతించిన పెద్దలను తలచుచు ప్రాసలతో పద్యములు చెప్పును. స్త్రీలు కన్నీరు పెట్టుకొందురు. అతడు ఆగినచోట ఫిడేలు అందుకొని ఆ దుఃఖమునే కొనసాగించును. స్వరము చివర గొంతు పట్టుకొన్నట్లు ఒక చిన్న విరుపు వినబడును. దానిని 'క్రెఖ్త్స్' అందురు. మూలుగు అని ఆ మాటకు అర్థము. అది ఈ సంగీతమునకు ప్రాణమువంటి గమకము. విధి ముగిసినంతనే అదే మేళము నాట్యపు పాటలెత్తుకొనును. అతిథులు చేతులు పట్టుకొని వలయముగా ఆడుదురు. ఆట నడుమ అలసినపుడు వాద్యకారుడు తాళములేని దోయినా అను ఆలాపన వాయించి, వారిని కదలకుండ కూర్చుండబెట్టెడివాడు.

ఈ సంగీతమున మిక్కిలి ప్రసిద్ధమైన స్వరక్రమమునకు 'ఫ్రెయ్‌గిష్' అని పేరు. తెలుగునాట సంగీతము నేర్చు పిల్లలు సరళీస్వరములను మాయామాళవగౌళలో అభ్యసింతురు కదా; అందు కాకలి నిషాదమునకు మారుగా కైశికి నిషాదము నుంచినచో 14వ మేళకర్తయగు వకుళాభరణ మగును. ఫ్రెయ్‌గిష్ స్వరములు సరిగా అవియే. అంతమాత్రమున ఒకటి మరియొకదాని నుండి పుట్టినదని తలపరాదు. స్వరములు ఒకటియైనను నడక వేరు, గమకము వేరు. పుస్తకమున వ్రాసిన ఏడు స్వరములను చూచి ఎవరును క్లెజ్మర్ వాయింపలేరు. వకుళాభరణ రాగమును పాడలేరు. ఈ విద్య యందలి చిక్కంతయు ఇచటనే కలదు.

1881 తరువాత రష్యా సామ్రాజ్యమున యూదులపై దాడులు చెలరేగినవి, బీదరికమును పెరిగెను. మొదటి ప్రపంచయుద్ధము నాటికి తూర్పు యూరపు నుండి సుమారు 20 లక్షల యూదులు అమెరికా సంయుక్త రాష్ట్రములకు వలసపోయిరి. వారితో క్లెజ్మర్లును పోయిరి. నఫ్తూలె బ్రాండ్‌వైన్ 1908లోను, డేవ్ తారస్ 1921లోను న్యూయార్కు చేరిరి. తారస్ మొదట ఉన్నిబొచ్చు దుస్తుల కర్మాగారమున పనిచేసి, పిమ్మట క్లారినెట్టు చేతబట్టి పేరొందెను. గ్రామఫోను సంస్థలు వారి పాటలను రికార్డులుగా అచ్చొత్తినవి. అయితే ఆనాటి రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి మ్రోగదు. కావున పెండ్లికూతురి నుద్దేశించిన దీర్ఘమైన రాగములు వానిలో అంతగా చేరలేదు. నాట్యపు పాటలే మిగుల చేరినవి. తరువాతి తరము ఆ రికార్డులనే విని, తమ పెద్దల సంగీతమంతయు ఉల్లాసమేయని చాలకాలము పొరబడెను.

1939 నుండి 1945 వరకు నాజీ జర్మనీయు, దాని తోడివారును 60 లక్షల యూదులను చంపిరి. వారిలో అధికసంఖ్యాకులు యిడ్డిష్ మాటలాడువారు. వాయించువారు పోయిరి, వినువారును పోయిరి, ఏ యూరి పెండ్లిలో ఏ పాట ఎపుడు వాయింపవలెనో ఎరిగిన ముసలివారును పోయిరి. పాటకు పుస్తకము లేకున్నను బ్రదుకును గాని, ఊరు లేకున్న బ్రదుకుట కష్టము.

ఆ చీకటిలోను కొందరు పాటలను కూర్చిరి. విల్నా నగరపు నిర్బంధవాడలో నుండిన కవి ష్మెర్కె కచెర్గిన్‌స్కి, తోటివారితో కలిసి గ్రంథములను, వ్రాతప్రతులను శత్రువుల కన్నుగప్పి దాచెను. యుద్ధానంతరము బ్రదికి బయటపడిన వారిని వెదకి, నిర్బంధవాడలలోను శిబిరములలోను పుట్టిన పాటలను వారి నోట విని వ్రాసికొనెను. ఆ సంకలనము 1948లో న్యూయార్కున వెలువడినది. 1954లో అర్జెంటీనా దేశమున విమానప్రమాదమున అతడు మరణించెను.

కీవ్ నగరమున మొయిసేయ్ బెరెగోవ్‌స్కి అను విద్వాంసుడు అంతకు ముందే ఊరూర తిరిగి, ఫోనోగ్రాఫు యంత్రపు మైనపు గొట్టములపై పాటలను పట్టి, స్వరలిపిలో వ్రాసెను. యుద్ధము ముగియక ముందే, విముక్తమైన ప్రాంతములకు పోయి స్త్రీలు, పిల్లలు, సైనికులు కట్టిన పాటలను అతడును సహాధ్యాయులును సేకరించిరి. ఆ శ్రమకు ఫలముగా 1950లో సోవియట్ ప్రభుత్వ మతనిని నిర్బంధించి సైబీరియా శిబిరమునకు పంపెను. 1955లో విడుదలయై, 1961లో అతడు కన్నుమూసెను. తన సేకరణ నశించినదనియే లోకము చాలకాలము తలచెను. 1990 తరువాత కీవ్ నగరపు వెర్నాడ్‌స్కి గ్రంథాలయమున అది బయటపడినది. అచటి యూదుల జానపద సంగీతసేకరణ, 1,017 మైనపు గొట్టములతో, 2005లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికకెక్కినది. అందలి యుద్ధకాలపు గీతములలో పెక్కింటికి మాటలే కలవు, వరుసలు లేవు. టొరాంటో విశ్వవిద్యాలయాచార్యురాలు అన్నా ష్టెర్న్‌షిస్, గాయకుడు ప్సోయ్ కొరొలెంకో కలిసి వానికి ఆకాలపు వరుసలను పోల్చి కూర్చి, వాద్యకారులతో పాడించి 2018లో వెలువరించిరి. డెబ్బదియేండ్లు కాగితములపై మౌనముగా నున్న పాటలు అట్లు మరల వినబడినవి.

యుద్ధము తరువాత యిడ్డిష్ భాషకు అన్నివైపుల తలుపులు మూసికొనినవి. సోవియట్ దేశమున 1952 ఆగష్టు 12న యిడ్డిష్ కవులతో సహా 13 మంది యూదులను కాల్చిచంపిరి. క్రొత్తగా ఏర్పడిన ఇజ్రాయేలు దేశము హీబ్రూను జాతీయభాషగా పెంచి, యిడ్డిష్‌ను ప్రోత్సహింపలేదు. అమెరికాలో బలవంతమెవరును చేయకున్నను ఫలితమదియే యైనది. తల్లిదండ్రులు, పిల్లలు ఇంగ్లీషు చదివి పైకి రావలెనని కోరిరి. పిల్లలు వినరాదనుకొన్న మాటలను మాత్రము యిడ్డిష్‌లో మాటలాడుకొనిరి. 1960 నాటికి తాతలు వాయించిన పాట మనుమలకు వినోదమైనను కాక, కొంత సిగ్గుగా తోచెడిది.

హెన్రీ సపోజ్నిక్ బ్రూక్లిన్‌లో అట్టి యింట పుట్టిన యువకుడు. తండ్రి ప్రార్థనాలయమున గానము చేయువాడు, ఇంటిభాష యిడ్డిష్. కాని కుమారునకు నచ్చినది అమెరికా పర్వతప్రాంతపు బాంజో సంగీతము. 1970 తరువాత అతడు నార్త్ కరొలీనా రాష్ట్రమునకు పోయి, టామీ జారెల్ అను వృద్ధ ఫిడేలు విద్వాంసుని యొద్ద నేర్చుకొనుచుండెను. తన యొద్దకు వచ్చు పిల్లలలో పెక్కుమంది యూదులగుట గమనించి, ఆ వృద్ధు డొకనాడు, మీవారికి సొంత సంగీతమేదియు లేదా యని అమాయకముగా నడిగెను. ఆ ప్రశ్న సపోజ్నిక్‌ను వదలలేదు. న్యూయార్కు తిరిగివచ్చి యీవో సంస్థకు పోయెను. యీవో 1925లో విల్నాలో స్థాపితమై 1940లో న్యూయార్కునకు తరలిన యిడ్డిష్ పరిశోధనాలయము. అచట దుమ్ముపట్టియున్న పాత రికార్డులను అతడు విని, వర్గీకరించి, 1982లో ఒక ధ్వనిభాండాగారమును నెలకొల్పెను.

ఆండీ స్టాట్‌మన్ కథయు ఇట్టిదే. మాండొలిన్ విద్వాంసుడై యుండియు అతడు వృద్ధుడైన తారస్ ఇంటికి పోయి క్లారినెట్టు నేర్చుకొనెను. ఒకప్పుడు పెండ్లిండ్లలో వెలిగిన తారస్‌ను ఆనాటికి లోకము మరచియుండెను. 1978లో శిష్యులు పూనికతో న్యూయార్కున ఆయన కచేరీ నేర్పాటు చేసిరి. విశాలమైన మందిరము నిండి, ముసలివారును యువకులును ఒకే పాటకు లేచి ఆడిరి. 1984లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ తారస్‌కు జాతీయ వారసత్వ సత్కారము నొసగెను. 1989లో ఆయన మరణించెను. శిష్యునకు తన క్లారినెట్టు లొసగిపోయెను. 2012లో అదే సత్కారము స్టాట్‌మన్‌కు లభించినది.

వాద్యము కంటె పాటయొక్క రక్షణ కష్టతరము. పాటకు మాట కావలెను. ఖానా మ్లోతెక్, ఆమె భర్త యోసెఫ్ కలిసి 1970 నుండి యిడ్డిష్ పత్రిక 'ఫోర్వెర్ట్స్'లో ఒక శీర్షిక నడపిరి. పాఠకులు తమకు జ్ఞాపకమున్న చరణమో, సగము చరణమో వ్రాసి పంపి, మిగిలినది తెలియునాయని అడుగుదురు. దంపతులు వెదకి ప్రకటింతురు. వారికిని దొరకనిచో మరియొక పాఠకుడు ఎచటనుండియో పూరించును. ఒక తల్లి ఉయ్యాలపాట యొక్క తుది చరణము అట్లు సముద్రములు దాటి దొరికెడిది. ప్రజల జ్ఞాపకమే గ్రంథాలయమైన సందర్భములలో ఇంతకంటె చక్కనిది అరుదు.

1985 డిశంబరులో సపోజ్నిక్, గాయని ఏడ్రియెన్ కూపర్ మున్నగువారితో కలిసి, న్యూయార్కు నగరమునకు ఉత్తరముననున్న కాట్‌స్కిల్ కొండలలో ఒక పాత హోటలునందు శిక్షణశిబిరము నారంభించెను. దానికి క్లెజ్‌క్యాంప్ అని పేరువచ్చెను. ప్రతి సంవత్సరము డిశంబరు చివరివారమున అచటికి చిన్నపిల్లలు మొదలు ముసలివారి వరకు వచ్చెడివారు. పగలంతయు వాద్యము, గానము, భాష, నాట్యము, చరిత్ర బోధింపబడెడివి. రాత్రి అందరును కలిసి ఆడెడివారు. ఆట తెలియనివాడు ఆటకు తగినట్లు వాయింపలేడను సత్యమును ఆ శిబిరము గ్రహించినది. అడుగు ఎంతసేపు నేలపై నిలుచునో పాదములకు తెలిసిన గాని వ్రేళ్ళకు తెలియదు.

ఈ శిబిరములలో బోధనాపద్ధతి గమనింపదగినది. పెక్కుమంది గురువులు మొదట స్వరలిపి నీయరు. గురువు ఒక వాక్యము వాయించును. శిష్యులు విని తిరిగి వాయింతురు. పదిమార్లు, ఇరువదిమార్లు. సంగీత కళాశాలలలో చదివి వచ్చిన యువకులకు ఇది మొదట విసుగు కలిగించును. కాగితముపైనున్న పాటను వారు ఒక్కచూపున వాయింపగలరు గదా! కాని క్రెఖ్త్స్ కాగితముపై నిలువదు. ఏ స్వరము మీద ఎంత విరువవలెనో, ఎచట విరువక విడువవలెనో, గురువు ప్రక్కన కూర్చుండిననే పట్టుబడును. గురువు లేనిచోట పాత రికార్డే గురువు. దానిని వేగము తగ్గించి మరల మరల విని, నూరేండ్లనాటి వాద్యకారుని ఊపిరిని సైతము అనుకరించి, పిమ్మట ఆ అనుకరణమును విడువవలెను. విడుచుట నేర్చుకొనుటకంటె కష్టము.

ఇట్లు రికార్డులే గురువులైన కాలమున, 1994లో హెర్మన్ గోల్డెన్‌ష్టెయిన్ అను క్లారినెట్ విద్వాంసుడు బ్రూక్లిన్ చేరెను. అతడు 1934లో, నేటి మోల్డోవా దేశమున ద్నీస్తర్ నది యొడ్డుననున్న ఒటాచి పట్టణమున పుట్టెను. యుద్ధము చిన్ననాటనే అతని తల్లిదండ్రులను మ్రింగినది. అనాథయై, సైనిక సంగీత పాఠశాలలో వాద్యము నేర్చి, నదికి ఆవలి యొడ్డున ఉక్రెయిన్‌లోని మొగిలేవ్-పొదోల్‌స్కి పట్టణమున పెండ్లిండ్లకు వాయించెను. తోటి వాద్యకారులు వాయించినవి, పెండ్లిండ్లలో విన్నవి, మరచిపోవునేమోయని తన చేతితో పుస్తకములలో వ్రాసికొనెను. అట్లు కూడిన పాటలు 800కు పైబడినవి. అమెరికాలో యువకులు ఆ పుస్తకములను చూచి నివ్వెరపోయిరి. ఏ రికార్డునను వినబడని పాటలు వానిలో రాసులుగా నుండెను.

వృత్తి వాద్యకారులు తమ పాటలను దాచుకొనుట లోకమున వాడుక. గోల్డెన్‌ష్టెయిన్ అట్లు చేయలేదు. అడిగినవారికి పుస్తకముల ప్రతులను తీసికొననిచ్చెను. శిబిరములకు వచ్చి పిల్లల నడుమ కూర్చుండి వాయించెను. అతని వాదన మెరుపులు చూపునది కాదు. ఆడువారి కాళ్ళకు అండగా నిలుచునట్టిది. 2005 డిశంబరులో క్లెజ్‌క్యాంప్ నందు అతని చుట్టును యువ వాద్యకారులు చేరి పాటలను రికార్డు చేసిరి. 2006లో అతడు మరణించెను. ఆ ఆరునెలల ఆలస్యమైనను జరిగియుండినచో ఆ పాటలకు కాగితమే మిగిలెడిది.

గానమున ఇట్టి స్థానము బేయిలె షేఖ్తర్-గోటెస్మన్ అను కవయిత్రిది. ఆమె 1920లో వియన్నాలో పుట్టి చెర్నోవిట్స్ నగరమున పెరిగి, యుద్ధమున బ్రదికి, 1951లో న్యూయార్కు వచ్చెను. ఆమె తల్లి లిఫ్షె జానపదగీతముల గని. తల్లి పాడిన పాటలను 1954లో రికార్డు చేసిరి. కుమార్తె ఆ పాటలను కాపాడుటయే గాక తాను క్రొత్తవి కట్టెను. శరత్కాలమును గూర్చి ఆమె రచించిన గీతమును నేడు పలు దేశముల గాయకులు పాడుదురు. బ్రాంక్స్ పేటలోని ఆమె యింటికి యువ గాయకులు వచ్చి, ఆమె ముందు కూర్చుండి, ఒక్కొక్క మాట యుచ్చారణను దిద్దుకొనిపోయెడివారు. 2005లో ఆమెకును జాతీయ వారసత్వ సత్కారము లభించినది. 2013లో ఆమె గతించెను. సంప్రదాయమున క్రొత్త పాట పుట్టవచ్చునని ఆమె చూపనిచో, శిష్యులు పాతవానిని పెట్టెలో పెట్టి కాచువారై యుండెడివారు.

ఈ విద్యకు వారసులెవరను ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. పోలెండు దేశమున క్రాకో నగరములో లియోపోల్డ్ కొజ్లోవ్‌స్కి అను పియానో విద్వాంసుడుండెను. అతడు బ్రాండ్‌వైన్ వంశమువాడు. యుద్ధమున తల్లిదండ్రులను, తోబుట్టువును కోల్పోయి, శిబిరముల నుండి తప్పించుకొని బ్రదికెను. 2019లో నూరేండ్లు నిండి మరణించువరకు అతడు యువ గాయకులను తీర్చుచుండెను. వారిలో అనేకులు యూదులు కారు. క్రాకోలో 1988 నుండి యూదుల సంస్కృతి ఉత్సవము జరుగుచున్నది. దానిని స్థాపించినవారును యూదులు కారు. జర్మనీలోని వైమార్ నగరమున 1999లో ఆరంభమైన వేసవి శిబిరమునకు జర్మను యువకులు పెక్కుమంది వచ్చి యిడ్డిష్ నేర్చుకొనుచున్నారు. చంపినవారి దేశమున, చంపబడినవారి పాటను మనుమలు పాడుట కొందరికి ఊరటగాను, కొందరికి గాయముగాను తోచును. ఈ రెండు భావములును న్యాయమైనవే. పాట మాత్రము శ్రద్ధగా నేర్చువాని పుట్టుకను విచారింపదు. శ్రద్ధలేనివానిని, వాడెవరి మనుమడైనను, అది క్షమింపదు.

మరియొక వింత కలదు. న్యూయార్కునందును, ఇజ్రాయేలునందును హసీదులను ఆచారపరాయణులైన యూదులు నేటికిని ఇంట యిడ్డిష్ మాటలాడుదురు. వారి పిల్లలు వీధిలో యిడ్డిష్‌లో ఆడుకొందురు. వారి సంఖ్య పెరుగుచున్నది. భాష మరణించినదని పలుకువారు ఆ వీధులను చూడనివారు. అయితే లౌకికమైన యిడ్డిష్ నాటకము, కవిత్వము వారికి పెక్కింట నిషిద్ధప్రాయములు. భాష ఒకచోట, ఆ భాషలోని రంగస్థలము మరియొకచోట నిలిచినవి.

ఆ రంగస్థలమును 1915లో స్థాపితమైన ఫోక్స్‌బీనె నాటకసంస్థ న్యూయార్కున కాపాడుచున్నది. దాని కళాదర్శకుడు జల్మెన్ మ్లోతెక్, పైన చెప్పిన ఖానా, యోసెఫ్ దంపతుల కుమారుడు. షోలెమ్ అలైఖెమ్ యిడ్డిష్‌లో వ్రాసిన తేవ్యె కథలను 1964లో అమెరికావారు ఇంగ్లీషు సంగీతనాటకముగా మలచి లోకప్రసిద్ధము కావించిరి. 2018లో ఫోక్స్‌బీనె ఆ నాటకమును జోయెల్ గ్రే దర్శకత్వమున యిడ్డిష్‌లో ప్రదర్శించెను. నటీనటులలో చాలమందికి అంతకుమునుపు యిడ్డిష్ రాదు. వారు మాటకు మాట అర్థము తెలిసికొని, ధ్వనిని అభ్యసించి కంఠస్థము చేసిరి. కొద్దివారములకని మొదలైన ప్రదర్శన, జనాదరణచే పొడిగింపబడి, మరుసటి సంవత్సరము పెద్ద నాటకశాలకు మారినది.

క్లెజ్‌క్యాంప్ 30 సంవత్సరములు నడచి 2014లో ముగిసినది. కెనడాలో 1996లో పుట్టిన క్లెజ్‌కెనడా అప్పటికే వేసవులలో యువ కళాకారులకు ఉపకారవేతనము లిచ్చి నేర్పుచుండెను. 2015 డిశంబరు చివరివారమున, క్లెజ్‌క్యాంప్ జరుగు ఆ దినములలోనే, న్యూయార్కు నగరమున 'యిడ్డిష్ న్యూయార్క్' అను క్రొత్త సమావేశ మారంభమైనది. దానిని నడపినవారిలో పెక్కుమంది క్లెజ్‌క్యాంప్ నందు పాఠము చెప్పినవారు, లేదా అచట పాఠము విన్నవారు.